చలిమిడి పెట్టారు, హ్యామ్‌స్టర్ బుగ్గ దిగట్లేదు. ఏం చేయాలి?

బూందీవాళ్ళమ్మ (నిజాంపేట, హైదరాబాద్):

అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

మా పాప ఆరో తరగతి. వేసవి సెలవుల్లో మొండికేసి ఒక హ్యామ్‌స్టర్‌ని కొనిపించుకుంది. సిరియన్ రకం అని చెప్పారు షాపులో. బంగారు రంగు, పేరు బూందీ. ఇప్పుడు ఏడు నెలలుంటాయి. మా వంటింటి కాటా మీద 120 గ్రాములు తూగింది.

నిన్న నాగుల చవితి కదా, తెనాలి నుంచి మా అత్తయ్యగారు వచ్చారు. పొద్దున్నే పుట్టలో పాలు పోసి వచ్చి అందరికీ చలిమిడి, చిమ్మిలి పంచారు. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. కాల్ అయ్యి వచ్చేసరికి బూందీకీ వాటా అందుతోంది. ఇదేంటండీ అంటే, "పాముకి పాలు పోసి, ఇంట్లో ఉన్నదాన్ని పస్తు పెడతామా?" అన్నారు. గోళీకాయంత చలిమిడి, దాని మీద కాస్త చిమ్మిలి. బూందీ రెండు చేతులతో పట్టుకుని క్షణంలో కుడి బుగ్గలోకి తోసేసింది. పాప ఒకటే చప్పట్లు. అబద్ధం ఎందుకు, నాకూ ముద్దొచ్చింది, వీడియో కూడా తీశాను.

రాత్రి పదకొండుకి చూస్తే బుగ్గ అలాగే ఉంది. పొద్దున్న ఆరింటికీ అలాగే ఉంది. ముందు కాలితో బుగ్గని గీరుకుంటోంది, గడ్డం కింద బొచ్చు తడిగా ఉంది. రాత్రంతా చక్రం చప్పుడే వినిపించలేదు. గింజలు ముట్టలేదు. నీళ్ళు మాత్రం తాగింది.

ఇయర్ బడ్‌తో తీయడానికి ప్రయత్నించమంటారా? రెండోది, ఏం పెట్టకూడదో వెతికితే ఇంగ్లిషు లిస్టుల్లో రూబార్బ్ ఆకులు, అవకాడో అని ఉన్నాయి. మా ఇంట్లో రూబార్బ్ ఎక్కడిదండీ? చలిమిడి గురించి ఒక్కరూ రాయలేదు. పాప ఇప్పటిదాకా పెట్టినవి: వేరుశనగలు, కొబ్బరి ముక్క, దానిమ్మ గింజలు, బిస్కెట్, ఒకసారి పెరుగన్నం. వీటిలో ఏది ప్రమాదం?

సూర్యాపేట కుర్రోడు:

ఆంటీ, హ్యామ్‌స్టర్ బుగ్గ ఉబ్బడం కామన్. రెండు రోజుల్లో అదే దిగుతుంది. వాపు అనిపిస్తే పిల్లలకి వాడే అమాక్సిసిలిన్ సిరప్ రెండు చుక్కలు వేయండి, మా కుక్కకి పంటి వాపు వస్తే బాగా పనిచేసింది.

గోదారి గట్టు టైలరమ్మ (రాజమండ్రి):

అమ్మా, ముందు ఆ సిరప్ సంగతి. ఆ సీసా మూత తీయకండి. తమ్ముడూ, నిన్ను తిట్టట్లేదు, నేనూ అదే పని చేసి ఒకదాన్ని పోగొట్టుకున్నాను, అందుకే చెప్తున్నాను.

నాది టైలరింగ్ షాపు, ఇంటి ముందు గదే షాపు. ఏడేళ్ళ కిందట ఒక కస్టమరు అమెరికా వెళ్తూ బ్లౌజులు తీసుకుని, హ్యామ్‌స్టర్‌ని బోనుతో సహా నా మిషన్ పక్కన పెట్టి వెళ్ళింది. "ఒక్క వారం అక్కా" అంది. ఆ వారం ఇంకా అవ్వలేదు. దాని పేరు గోలీ. ఒక చలికాలం తుమ్ముతూ ఉంటే, పెద్ద తెలిసినదానిలా మా చిన్నోడి అమాక్సిసిలిన్ సిరప్ ఫిల్లరుతో రెండేసి చుక్కలు మూడు పూటలా వేశాను. తుమ్ములు తగ్గాయి, సంబరపడ్డాను. నాలుగో రోజు తోక కింద అంతా తడి. ఐదో రోజు హెమ్మింగ్ చేస్తూ తలెత్తి చూస్తే చక్రం పక్కన ముడుచుకుని ఉంది. చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

తర్వాత ఒక పశువుల డాక్టరుగారు చెప్పారు. వీటి పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఎక్కువ, వాటితోనే అరుగుదల. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ లాంటివి పడితే ఆ మంచివి చచ్చి, క్లాస్ట్రిడియం అనే చెడ్డది పెరిగి పేగుల్లో విషం వదులుతుంది. కుక్కకీ మనిషికీ పనిచేసిన మందు దీనికి విషం అవుతుందన్నమాట. తిండి కాదు కదా అనుకోకండి. మన ఇంట్లో హ్యామ్‌స్టర్ నోట్లో పడే వాటిలో అన్నిటికంటే ప్రమాదం ఫ్రిజ్ తలుపులో ఉండే ఆ సీసానే అంటాను నేను.

ఇప్పుడు బూందీ. బడ్ వద్దు, పట్టకారు వద్దు. మనం బుగ్గ అంటాం గానీ అది భుజం దాకా వెళ్ళే లోపలి జేబు. లైనింగ్ మల్ గుడ్డ కంటే పల్చన. గుచ్చితే చిరుగుతుంది, లాగితే జేబు తిరగబడి నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. అలా జరిగితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. పైగా ఆ జేబులో మన నోట్లోలాగా ఎంగిలి ఊరదు, అందుకే దాచిన గింజ పొడిగా ఉంటుంది. గింజలైతే రెండు చేతులతో వెనక నుంచి ముందుకి నెట్టి గలగలా రాల్చుకుంటుంది. మరి బియ్యప్పిండి, బెల్లం కలిపి దంచిన చలిమిడి రాల్చమంటే రాలుతుందా? పాపం లోపల అతుక్కుపోయి ఉంటుంది. గోళీకాయంత అన్నారు కదా, ఐదు గ్రాములు అనుకోండి. బూందీ 120 గ్రాములు. అరవై కిలోల మనిషి బుగ్గలో రెండున్నర కిలోల చలిమిడి కుక్కినట్టు. నేను కొలతల మనిషిని, లెక్క తప్పదు.

ఒక రోజు దాటింది, గీరుకుంటోంది, తిండి మానేసింది అంటే అది మామూలు బుగ్గ కాదు. ఈరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కుక్కల్ని, పిల్లుల్ని చూసే అందరూ వీటిని చూడరు, ముందు ఫోన్ చేసి "హ్యామ్‌స్టర్‌ని చూస్తారా, బుగ్గ సంచి కడుగుతారా" అని అడిగి వెళ్ళండి. గాలి ఆడే చిన్న డబ్బాలో దాని గూడులోని పొట్టే వేసి, ఏసీ గాలి తగలకుండా తీసుకెళ్ళండి. తీసిన వీడియో డాక్టరుకి చూపించండి, ఏం పెట్టారో ఎంత పెట్టారో దాంట్లోనే ఉంటుంది. ఉప్పు నీళ్ళు పట్టి కక్కిద్దాం అనుకునేరు, ఎలుక జాతికి వాంతి రాదు. అందుకే వీటికి ఒక్కసారి కడుపులో పడిందంటే వెనక్కి వచ్చే దారే లేదు.

మిగతాది సాయంత్రం రాస్తాను, చీర ఫాల్ కోసం ఒకావిడ కూర్చుని ఉంది.

బూందీవాళ్ళమ్మ:

థాంక్సండీ. మూడు క్లినిక్‌లకి ఫోన్ చేస్తే ఒకరు చూస్తామన్నారు. బయల్దేరుతున్నాం. అత్తయ్యగారూ వస్తున్నారు, వద్దన్నా వినట్లేదు.

గోదారి గట్టు టైలరమ్మ:

ఫాల్ అయింది. రెండో ప్రశ్నకి వస్తున్నాను.

అమ్మాయీ, మీరు "ఏది తింటే ప్రమాదం" అని అడిగారు. గోలీ పోయాక బోను కడుగుదామని పొట్టంతా పేపరు మీద పోశాను. మూలన గుప్పెడు సరుకు. మొన్నెప్పుడో మా వాడు పెట్టిన పెసరట్టు ముక్క, ఉల్లిపాయతో సహా, పచ్చగా బూజు పట్టి ఉంది. ఒక చాక్లెట్ పలుకు. కారప్పూస నాలుగు పుల్లలు. మెత్తబడి నల్లబడ్డ కీరా ముక్క. మేమందరం "ఎంత ఇష్టంగా తిందో" అనుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి. అది తినలేదు, దాచింది! మనం చూసి మురిసిపోయి మర్చిపోయిన పది రోజులకి, బూజు పట్టాక తింటుంది. అందుకే "మొన్న పెట్టాం, ఏం కాలేదు" అనే మాట దీని దగ్గర చెల్లదు. పచ్చిది ఏది పెట్టినా సాయంత్రం పెట్టి, పొద్దున్నే గూడు వెతికి మిగిలింది తీసేయాలి. గూడంతా పీకి పోయక్కర్లేదు, సరుకు దాచే మూలలు ఒకటో రెండో ఉంటాయి, అవి వెతికితే చాలు.

ఇక మన వంటింట్లోవి. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా వద్దు. ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ లెక్కన పప్పు, చట్నీ, మిక్చర్, పెసరట్టు, చారులో తేలిన మెతుకు, అన్నీ పోయినట్టే. మన ఇళ్ళల్లో తాలింపు లేనిది ఏముంది చెప్పండి? అందుకే నేను ఒకటే రూలు పెట్టాను, స్టవ్ ఎక్కి దిగింది ఏదీ బోనులోకి పోకూడదు. ఉడికించిన గుడ్డు తెల్లసొన మాత్రం వదిలేశాను, వారానికి ఒకసారి కందిగింజంత పెడతాను.

చాక్లెట్, కాఫీ, టీ అసలు వద్దు. చాక్లెట్ రెండు విధాల చెడ్డది, లోపల ఉన్న థియోబ్రోమిన్ గుండెని దడదడలాడిస్తుంది, పైన కరిగి మీ చలిమిడిలాగే బుగ్గకి అంటుకుంటుంది. ఆపిల్ ముక్క పెట్టొచ్చు గానీ గింజలు తీసేయండి. వాటిలోనూ, చేదు బాదంలోనూ నమిలితే సైనైడ్ వస్తుంది. మొలకలొచ్చిన, పచ్చబడ్డ బంగాళాదుంప, టమాటా ఆకులు, కాడలు వద్దు. రాజ్మా రాత్రి నానబెట్టి ఉంటే పిల్లలు ఒక గింజ పడేస్తుంటారు, పచ్చి రాజ్మా మనుషులకే విషం. అవకాడో మా ఊరి సూపర్‌మార్కెట్‌లోకీ వచ్చేసింది, అది కూడా వద్దు. కీరా, దోసకాయ పెట్టే ముందు మీరు కొరికి చూడండి, చేదుగా ఉంటే పారేయండి.

పాప పెట్టినవాటిలో బిస్కెట్ మానేయండి. దానిమ్మ వారానికి రెండు గింజలైతే సరే. కొబ్బరి గోరంత, ఎప్పుడైనా. పెరుగన్నం ఒక్కసారికి ఏమీ అయ్యుండదు గానీ అందులో ఉప్పు, తాలింపు ఉంటాయి, మళ్ళీ వద్దు. వేరుశనగ గురించి నాకంటే తెలిసినవాళ్ళు చెప్తారేమో చూద్దాం.

పెట్టదగ్గవి అడగలేదు గానీ చెప్తాను, పాప చేతులు ఊరుకోవు కదా. సజ్జలు, కొర్రలు, ఓట్స్ దానికి పండగ. ఒక గుమ్మడి గింజ. క్యారెట్ చెక్కు, బ్రోకలీ పువ్వు చిన్నది, కొత్తిమీర రెమ్మ. పొద్దుతిరుగుడు గింజలు రోజుకి ఒకటో రెండో, అంతే. గిన్నెలో పోస్తే మిగతావన్నీ వదిలేసి అవే ఏరుకుని కొవ్వెక్కుతుంది.

అనంతపురం సేద్యం:

వేరుశనగ గురించి నేను చెప్తాను, మాది ఆ పంట ఊరే. కాయలో తేమ ఉండగా మూట కడితే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది, అది అఫ్లాటాక్సిన్ అనే విషం చేస్తుంది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇది బయటపడిందే పక్షుల వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, ఏమిటా అని వెతికితే దాణాలో కలిపిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. వేయించినా పూర్తిగా పోదు.

కాబట్టి ముడతలు పడినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి, చిల్లు పడినవి వద్దు. మనం తినేటప్పుడు చేదు పప్పు తగిలితే ఉమ్మేస్తాం. అది ఉమ్మదు, బుగ్గలో పెట్టుకుంటుంది. మంచి పప్పు, ఉప్పు లేనిది, సగం బద్ద చాలు. బజ్జీల బండి మసాలా పల్లీలు పెట్టకండి మహాప్రభో.

గన్నవరం వెటర్నరీ, మూడో సంవత్సరం:

టైలర్ అక్క చెప్పినది దాదాపు అంతా సరే. రెండు మూడు చేరుస్తాను.

విషం వేరు, సరిపడనిది వేరు. నెట్‌లో లిస్టులు రెండిటినీ ఒకే గాటన కడతాయి, దాంతో జనం భయపడి చివరికి ఏదీ నమ్మరు. ఉల్లి, చాక్లెట్, పచ్చి రాజ్మా, అవకాడో మొదటి రకం. బత్తాయి, నిమ్మ, ద్రాక్ష, అరటిపండు రెండో రకం. ద్రాక్ష కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తుంది, అది నిజం. హ్యామ్‌స్టర్ విషయంలో అసలు గొడవ దాంట్లోని చక్కెర. నిమ్మజాతి పళ్ళలో పులుపు నోటిని, కడుపుని మండిస్తుంది, అంతేగానీ ఒక తొన తింటే చచ్చిపోదు.

చక్కెర గురించి మాత్రం ఒక మాట. మీది సిరియన్ కాబట్టి కొంత నయం. చిన్న రకాలు, ముఖ్యంగా క్యాంప్‌బెల్ డ్వార్ఫ్‌లకి డయాబెటిస్ తొందరగా వస్తుంది. నీళ్ళ సీసా మామూలు కంటే త్వరగా ఖాళీ అవుతుంటే అనుమానించాలి. వాటికి పళ్ళు అసలు పెట్టకపోవడమే మంచిది, బెల్లం మాట ఎత్తకూడదు.

ఇంకొకటి, తోక కింద తడి. అక్కకి జరిగింది మందు వల్ల. కానీ పాలు మానిన పిల్లలకి, మూడు నుంచి పది వారాల వయసులో, లాసోనియా అనే బ్యాక్టీరియా వల్ల కూడా ఇలాగే వస్తుంది. వెట్ టెయిల్ అంటారు. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. షాపు నుంచి కొత్తగా తెచ్చినదానికి విరేచనం అయితే "కీరా ఎక్కువైంది" అనుకుని కూర్చోకండి, ఆ పూటే చూపించండి.

డాలస్ బావగారు:

ఇక్కడ పెట్ షాపుల్లో హ్యామ్‌స్టర్ బొమ్మ వేసి మరీ యోగర్ట్ డ్రాప్స్, తేనె పూసిన గింజల కడ్డీలు అమ్ముతారు. ప్యాకెట్ మీద బొమ్మ ఉంది కదా అని మా అమ్మాయి డబ్బాలకి డబ్బాలు పెట్టింది. వెనక చదివితే మొదటి పదార్థం చక్కెర. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు తెచ్చిన సున్నుండలకీ వీటికీ పెద్ద తేడా లేదు. సున్నుండ అయితే కనీసం నేను తినేవాణ్ణి.

సూర్యాపేట కుర్రోడు:

సారీ ఆంటీ. సిరప్ సంగతి నాకు తెలీదు. నా మెసేజ్ తీసేయనా?

గోదారి గట్టు టైలరమ్మ:

తీయకు తమ్ముడూ. అలాగే ఉంచు. రేపు ఇంకొకరు అదే ఆలోచనతో వెతుక్కుంటూ వచ్చి దాని కింద నాది చదువుతారు.

బూందీవాళ్ళమ్మ:

ఇప్పుడే వచ్చాం. వరసగా చెప్తాను.

డాక్టరుగారు బూందీని తువ్వాలులో చుట్టి, కాస్త మత్తు ఇచ్చి, సన్నటి గొట్టంతో గోరువెచ్చని నీళ్ళు కొట్టి బుగ్గ కడిగారు. చలిమిడి ఒక్క ముద్దగా రాలేదు, జిగురుగా తీగలు తీగలుగా వచ్చింది. చివర్లో నువ్వులు. ఒక నువ్వు గింజ లోపలి చర్మానికి ఒత్తుకుని ఎర్రగా పుండు చేసిందట, కందిగింజలో సగం ఉంటుంది. మాకు అద్దంలాంటిది పెట్టి చూపించారు. ఇంకో రోజు ఆగి ఉంటే చీము పట్టేదన్నారు. ఆయన రాసిచ్చిన మందు పేరు ఇక్కడి పేర్లతో పోల్చి చూసుకున్నాను, వాటిలో ఏదీ కాదు. ఆయన్నే అడిగాను కూడా, "మీరు చదువుకుని వచ్చారే" అని నవ్వారు.

అత్తయ్యగారు దారంతా ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మాట లేదు. ఆవిడని ఏమీ అనలేదు, అనే మొహం నాకూ లేదు, వీడియో తీసింది నేనే. ఇంటికొచ్చాక ఆవిడే అడిగారు, "వడపప్పు కూడా పెట్టకూడదా?" అని. టైలర్ అక్కా, చెప్పండి.

ఇక గూడు. మీరు చెప్పారని ఇప్పుడే పాప, నేను పేపరు పరిచి చూశాం. చక్రం వెనక మూల. రెండు బిస్కెట్ ముక్కలు, మెత్తగా. దానిమ్మ గింజలు ఎండి ఎండుద్రాక్షల్లా ఉన్నాయి. ముడతపడ్డ వేరుశనగ ఒకటి. అన్నిటి కింద ఒక వెల్లుల్లి రెబ్బ, పొట్టుతో సహా, పంటి గాటు లేకుండా! అది మేమెవ్వరం పెట్టలేదు. సాయంత్రాలు వంటింట్లో కాసేపు వదిలేవాళ్ళం, స్టవ్ కింద ఎక్కడో దొరికి బుగ్గలో పెట్టుకుని వచ్చి ఉంటుంది. ఎన్ని రోజుల నుంచి ఉందో. పాప దాన్ని కాగితంలో చుట్టి డస్ట్‌బిన్‌లో వేసి, మళ్ళీ తీసి, బయట చెత్త బండిలో వేసి వచ్చింది.

గోదారి గట్టు టైలరమ్మ:

హమ్మయ్య. కాఫీ తాగుతాను ఇక.

వడపప్పు అంటే నానిన పెసరపప్పే కదా, ఉప్పు, మామిడి, కొబ్బరి కలపకముందు నాలుగు పలుకులు తీసి పెట్టమనండి. పర్వాలేదు. కానీ ఈ వారం కాదు, పుండు మానాక. అప్పటిదాకా డాక్టరు చెప్పిన తిండే, గట్టిగా మొనలున్నవి వద్దు. రోజూ ఒకే వేళకి కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. నేను క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కన రాస్తాను. ఇది రాత్రి జంతువు, పైకి బాగున్నట్టే కనిపిస్తుంది, బరువు మాత్రం అబద్ధం చెప్పదు.

సాయంత్రం షికారు వంటింట్లో వద్దు. ఖాళీ బాత్‌టబ్ ఉంటే అది, లేదంటే తలుపు మూసిన గది, ముందు మీరు మోకాళ్ళ మీద ఒకసారి ఊడ్చి.

బూందీవాళ్ళమ్మ:

రాసుకుంటున్నాం. ఈరోజు 116. నిన్నటికి నాలుగు గ్రాములు తగ్గింది, అందులో చలిమిడి ఎంతో తెలీదు. తడిపిన ఓట్స్ కొంచెం తింది. పాప అడగమంటోంది, బుగ్గ మానాక కొర్ర కంకి గుత్తిగా అలాగే వేలాడదీయొచ్చా, గింజలు వలిచి వేయాలా?

గోదారి గట్టు టైలరమ్మ:

కంకే కట్టమను. మందు కొట్టని చేలోది అయితే చాలు. ఎక్కి లాక్కుంటుంది, చూడ్డానికి బాగుంటుంది. వీడియో తీసి పెట్టండి.